స్టీరింగ్ బటన్లకి బయటి హ్యాండ్స్‌ఫ్రీ కిట్ కలపొచ్చా? (2013 స్విఫ్ట్, బెంగళూరు)

కోలార్_హైవే
అందరికీ నమస్తే. నాది 2013 స్విఫ్ట్ డీజిల్, టాప్ వేరియంట్. కంపెనీ స్టీరియోనే ఉంది. స్టీరింగ్ మీద వాల్యూమ్, మోడ్, ఛానల్ బటన్లున్నాయి, బ్లూటూత్ మాత్రం లేదు. మా స్నేహితుడొకడు పాత కారు అమ్మేస్తూ అందులోని ప్యారట్ కంపెనీ బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ కిట్ (ఎంకేఐ 9200) ఊడదీసి నాకిచ్చాడు. చిన్న కలర్ స్క్రీన్, మైక్, వైరింగ్ అన్నీ బాగానే ఉన్నాయి. దాంతో రావాల్సిన వైర్‌లెస్ రిమోట్ ఒక్కటే ఎక్కడో పోయింది. కాబట్టి స్టీరింగ్ బటన్లతోనే కాల్ ఎత్తడం, కట్ చేయడం కుదురుతుందా అని నా ప్రశ్న.

కారు యాక్సెసరీల షాపులుండే జేసీ రోడ్‌లో ఒకతను "రెండు వైర్లు కలపడమే సార్, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "చేయించుకోండి, ఆ తర్వాత ఎలక్ట్రికల్ కంప్లైంట్ ఏదొచ్చినా మా దగ్గరికి తేకండి" అన్నారు. పని మీద ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు వైపు తిరుగుతుంటాను. ఫోన్ తప్పదు.

ఓమ్_రమణ
కుదురుతుంది. కానీ "రెండు వైర్లు కలపడమే" అన్న మనిషికి మాత్రం కారు ఇవ్వకండి.

ఆ తరం కార్లలో చాలావాటికి స్టీరింగ్ బటన్ల వెనక ఉండేవి కొన్ని రెసిస్టర్లు (కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్కలు), అంతే. ఒక్కో బటన్‌కి ఒక్కో విలువ. స్టీరియో తన లోపలి నుంచి చిన్న వోల్టేజీని ఒక రెసిస్టర్ గుండా ఆ వైర్ మీదకి పంపిస్తుంది. బటన్ నొక్కగానే అది ఎంతకి పడిందో చూసి, నొక్కింది వాల్యూమా మోడా అని తేల్చుకుంటుంది. అదే వైర్‌కి ఇంకో పరికరాన్ని తిన్నగా తగిలిస్తే అది కూడా తన వోల్టేజీ పంపుతుంది. లెక్క చూడండి. స్టీరియోలో 5 వోల్టులు, 1000 ఓమ్‌లు, బటన్ కూడా 1000 ఓమ్‌లే అనుకుందాం. వైర్ మీద 2.5 వోల్టులు కనిపిస్తుంది. రెండోది కూడా అదే 5 వోల్టులు, 1000 ఓమ్‌లతో వచ్చి కలిస్తే అదే బటన్‌కి 3.33 వస్తుంది. స్టీరియో దాన్ని ఇంకో బటన్ అనుకుంటుంది. మీరు సౌండ్ తగ్గిద్దామని నొక్కితే స్టేషన్ మారుతుంది. అప్పుడు షాపు వాడు "స్టీరియో పోయింది సార్" అంటాడు, మీరు నమ్ముతారు.

పైగా మీ కిట్‌కి బటన్ వైర్లు నేరుగా పెట్టే వీలు లేదు. మధ్యలో ఏ బటన్ నొక్కారో అర్థం చేసుకుని కిట్‌కి చెప్పే ఇంటర్‌ఫేస్ డబ్బా ఒకటి కావాలి. ప్యారట్ వాళ్లే యూనికా పేరుతో అమ్మేవారు. వాళ్లు కార్ల వ్యాపారాన్ని ఫోరేసియా అనే కంపెనీకి అప్పజెప్పి చాలా ఏళ్లయింది కాబట్టి ఇప్పుడు పాత స్టాక్ వెతుక్కోవాలి. వోల్టేజీని చూసి ఊరుకునే రకం, అంటే తన వైపు నుంచి ఏమీ పంపని రకం దొరికితే మీ స్టీరియోకి ఇబ్బంది ఉండదు.

చాలా కొత్త కార్లలో బటన్ల కబురు క్యాన్ బస్ మీద, అంటే కారులోని పరికరాలన్నీ మాట్లాడుకునే ఉమ్మడి వైర్ల మీద, డేటాగా పోతుంది. వాటికి ఆ మోడల్‌కి తగిన డీకోడర్ కావాలి. మీకు ఆ గొడవ లేదు.

సిల్క్‌బోర్డ్_శాపం
సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగినంత సేపట్లో ఫోన్ చేత్తో తీసి, మాట్లాడి, పెట్టేసి, టీ కూడా తాగొచ్చు. కిట్ ఎందుకండీ?

నారాయణ_హెచ్ఎస్ఆర్
రమణ గారు లెక్కలు బాగా చెప్పారు. ఆ స్టీరింగ్ లోపల ఎయిర్‌బ్యాగ్ ఉందని మాత్రం చెప్పలేదు. బటన్ల వైర్లు, హారన్, ఎయిర్‌బ్యాగ్ అన్నీ ఒకే క్లాక్ స్ప్రింగ్ గుండా వస్తాయి. స్టీరింగ్‌తో పాటు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండే పలుచని రిబ్బన్ కేబుల్ అది. చక్రాలు తిన్నగా పెట్టకుండా ఊడదీసి, మళ్లీ కొద్దిగా తిప్పి బిగించారంటే ఒక మలుపులో తెగుతుంది. ఎయిర్‌బ్యాగ్‌కి పోయే పసుపు తొడుగున్న వైర్లని మల్టీమీటర్‌తో పొడిచే వాళ్లని కూడా నా కళ్లతో చూశాను. బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలన్న జ్ఞానం జేసీ రోడ్‌లో ఎంతమందికి ఉంది?

నాకు అనుభవం కాబట్టి చెప్తున్నాను. కిట్ పెట్టించిన వారానికే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, ఆరలేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు "బయట చేయించారు కదా" అని వారంటీ కుదరదన్నారు. క్లాక్ స్ప్రింగ్ డబ్బులు నా జేబులోంచే. షాపు అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఓమ్_రమణ
స్టీరింగ్ విప్పమని నేనెక్కడన్నాను? ఆ బటన్ల వైర్లు చివరికి స్టీరియో వెనక ఉన్న కనెక్టర్ దగ్గరికే వస్తాయి. ఇంటర్‌ఫేస్ తగిలించేది అక్కడ. స్టీరియో బయటికి లాగితే చాలు, ఎయిర్‌బ్యాగ్ దరిదాపుల్లోకి పోవాల్సిన పనే లేదు.

మైసూర్‌రోడ్_మధు
పోలీసు ఆపితే ఏం చెప్పాలో కూడా చెప్పండి ఎవరైనా.

నారాయణ_హెచ్ఎస్ఆర్
"పోవాల్సిన పనే లేదు" అని మీరంటారు. పోయాడు కదా నా కారులో! రేపు ఈయన కారులోనూ పోతాడు. ఆ లైటు వెలుగుతుంటే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటుందని గ్యారంటీ లేదు. ఓమ్‌లు, వోల్టుల కంటే అది ముఖ్యం.

చట్టం_చదివా
మధు గారికి: సవరించిన మోటారు వాహనాల చట్టం 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. 184వ సెక్షన్ వివరణలో ఉన్న మాట, చేత్తో పట్టుకునే ఫోన్ లాంటి పరికరాన్ని నడుపుతూ వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ అని. మొదటిసారికి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబర్ నుంచి దారి చూసుకోవడానికి ఫోన్ వాడుకోవచ్చని రూల్ వచ్చింది, అదీ ధ్యాస చెదరకుండా అన్న షరతుతో.

మైసూర్‌రోడ్_మధు
అంటే కిట్ ఉంటే ఓకేనా?

చట్టం_చదివా
వివరణలో ఉన్నది చేత్తో పట్టుకునే దాని గురించి. కానీ ఫోన్ ధ్యాసలో ఎవరినైనా గుద్దితే "నాకు కిట్ ఉంది" అన్నది జవాబు కాదు.

హేమ_వైట్‌ఫీల్డ్
ఇంతమంది వైర్ ఎక్కడ తగిలించాలా అని కొట్టుకుంటున్నారు కానీ, అసలు ఆ కాల్ ఎత్తడమెందుకని ఒక్కరూ అడగట్లేదు. 2006లో యూటా యూనివర్సిటీలో డేవిడ్ స్ట్రేయర్ బృందం సిమ్యులేటర్ మీద జనాన్ని కూర్చోబెట్టి చూసింది. ఫోన్ మాట్లాడే వాళ్లు బ్రేక్ ఆలస్యంగా వేశారు. ఫోన్ చేతిలో ఉన్నా, హ్యాండ్స్‌ఫ్రీ అయినా తేడా కనిపించలేదు. చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది సరే, బుర్ర ఎక్కడుంది?

ఓమ్_రమణ
అలాగైతే పక్క సీటులో మా ఆవిడని కూడా దించేయాలి. మాట్లాడుతూనే ఉంటుంది.

హేమ_వైట్‌ఫీల్డ్
మీ ఆవిడకి రోడ్డు కనబడుతుంది. ఎదురుగా లారీ వస్తే ఆవిడే మాట ఆపేసి "చూసి" అంటుంది. ఫోన్‌లో మీ మేనేజర్ అంటాడా? ఈ తేడా కూడా వాళ్లు తర్వాత పరీక్షించి చూశారు.

సిల్క్‌బోర్డ్_శాపం
మా మేనేజర్‌కి కెమెరా ఆన్ చేస్తేనే తృప్తి.

కోలార్_హైవే
హేమ గారూ, నేను డ్రిప్ పైపులు అమ్ముతాను. డీలర్ ఫోన్ చేసిన వెంటనే ఎత్తకపోతే వేరే కంపెనీ వాడికి చేస్తాడు. నేను తిరిగి చేసేసరికి ఆర్డర్ అయిపోయి ఉంటుంది. ఏసీ గదిలో కూర్చుని "ఎత్తొద్దు" అనడం తేలికే.

హేమ_వైట్‌ఫీల్డ్
ఏసీ గది కాదండీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ నేనే నడుపుతాను. మాట్లాడుకుంటూ లేన్ మారే కార్ల పక్కన.

నారాయణ_హెచ్ఎస్ఆర్
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు సంగతేంటి రమణ గారూ? లేక మీకు జేసీ రోడ్‌లో షాపేమైనా ఉందా?

ఓమ్_రమణ
షాపు లేదు, వాటా లేదు. ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నాను, ఎస్పీ రోడ్‌కి పోయేది పార్టుల కోసం. మీరు ఇంకో కూత కూసే ముందు ఒక ప్రశ్న. మీ కారు ఏ వేరియంట్? స్టీరింగ్ మీద కంపెనీ బటన్లు ఉన్నాయా?

నారాయణ_హెచ్ఎస్ఆర్
దానికీ దీనికీ సంబంధమేమిటి?

ఓమ్_రమణ
ఉంది కాబట్టే అడిగాను. పోయినేడాది ఇక్కడే మీరు పెట్టిన పోస్టు చదివాను. మీది కింది వేరియంట్. బటన్లే లేవు. టాప్ వేరియంట్ బటన్లు తెప్పించి పెట్టించుకున్నారు. కింది వేరియంట్ క్లాక్ స్ప్రింగ్‌లో చాలాసార్లు ఆ బటన్ల లైన్లే ఉండవు, అందుకే స్టీరింగ్ విప్పి దాన్ని మార్చాల్సి వచ్చింది. మీ కారులో జరిగింది బటన్లు పెట్టే పని. ఈయన అడుగుతున్నది ఉన్న బటన్లని కిట్‌కి కలిపే పని. రెండూ కలిపి కలగాపులగం చేసి మనిషిని భయపెడుతున్నారు.

నారాయణ_హెచ్ఎస్ఆర్
సరే, మీరు గెలిచారు. చప్పట్లు. మీకు తెలియంది ఒకటుంది, అదీ వినండి.

కిట్ లేనప్పుడు "డ్రైవింగ్‌లో ఉన్నాను సార్, చేరాక చేస్తా" అంటే మా మేనేజర్ ఒప్పుకునేవాడు. నాకు దొరికే ప్రశాంతత అదొక్కటే. కిట్ పెట్టించుకున్నానని నేనే నోరు జారి చెప్పాను. అప్పటి నుంచి పొద్దున్నే రోజువారీ కాల్ సరిగ్గా నేను బెళ్లందూరు దగ్గర ఇరుక్కుని ఉండే టైముకే పెడుతున్నారు. "నీకు హ్యాండ్స్‌ఫ్రీ ఉంది కదా" అంటారు. ఎత్తకపోతే అది తప్పించుకోవడం కింద లెక్క. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, డబ్బులు పోయాయి, వాటికి నేనేం ఏడవట్లేదు. కారులో ఉన్న ఆ గంట పోయింది. దాన్నెవడు రిపేరు చేస్తాడు?

ఓమ్_రమణ
ఇది ముందే చెప్పి ఉంటే క్లాక్ స్ప్రింగ్ మీద ఇంత టైపు చేసేవాణ్ని కాదు. అయినా ఆ గొడవ మీకూ మీ మేనేజర్‌కీ మధ్యది. కిట్ ఏం చేసింది?

హేమ_వైట్‌ఫీల్డ్
కిట్ చేసింది అదే. వద్దనే హక్కు తీసేసింది. నేను మొదటి నుంచీ అంటున్నది కూడా ఇదే కదా.

నారాయణ_హెచ్ఎస్ఆర్
కాదు మేడం, మీరు ఎవరూ ఎత్తొద్దంటున్నారు. ఎత్తాలా వద్దా అన్నది నా ఇష్టం కావాలని నేనంటున్నాను.

కోలార్_హైవే
నాకు ఆ ఇష్టం ఎప్పుడూ లేదండీ. కిట్ లేకపోయినా ఎత్తుతున్నాను, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని. హొసకోటె టోల్ దగ్గర ఒకసారి అలాగే జారి క్లచ్ కింద పడింది. అందుకే ఇక్కడ అడిగాను.

ఓమ్_రమణ
ఆ మనిషికి కావాల్సింది ఇది. మిగతాది తర్వాత తిట్టుకుందాం.

కోలార్ గారూ, ఇంకో చిక్కుంది, షాపులో ఎవరూ చెప్పరు. కాల్ వచ్చినప్పుడు మీ కిట్ స్పీకర్లని స్టీరియో నుంచి తనవైపు లాక్కుంటుంది. బటన్ల వైర్ మాత్రం స్టీరియోకి అలాగే ఉంటుంది. అవతలి వాళ్ల గొంతు సరిగా వినబడక మీరు వాల్యూమ్ బటన్ నాలుగుసార్లు నొక్కారనుకోండి, కిట్ సౌండూ పెరుగుతుంది, లోపల రేడియో సౌండూ పెరుగుతుంది, అది మీకు తెలియదు. కాల్ కట్ కాగానే రేడియో ఒక్కసారిగా చెవులు పగిలేలా అరుస్తుంది. హైవే మీద అదిరిపడతారు. కాబట్టి వాల్యూమ్ బటన్లని ఇంటర్‌ఫేస్‌కి నేర్పించకండి. మోడ్ బటన్‌ని ఎక్కువసేపు నొక్కితే కాల్ ఎత్తడం, కట్ చేయడం, అంతవరకే పెట్టించండి. అదే బటన్ నొక్కినందుకు స్టీరియోలో మోడ్ మారొచ్చు, కొంపేం మునగదు.

కడప_కుర్రోడు
అన్నా, ఆ కిట్ రిమోట్ ఒక్కటే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుంటే పోలా? స్టీరింగ్‌కి పట్టీతో కట్టేదేగా. వైర్ కోయక్కర్లేదు, ఎవడూ ఏదీ విప్పక్కర్లేదు.

ఓమ్_రమణ
దొరికితే మంచిదే. అయితే పాత రిమోట్, కిట్‌కి జతవుతుందో లేదో కొనే ముందు చూసుకోవాలి. పట్టీ లూజైతే స్టీరింగ్ తిప్పేటప్పుడు చేతికి అడ్డం కూడా వస్తుంది.

నారాయణ_హెచ్ఎస్ఆర్
కుర్రోడు చెప్పింది బాగుంది. దొరక్కపోతే జేసీ రోడ్‌కే పోండి, కానీ పని జరిగినంతసేపూ పక్కనే నిలబడండి. స్టీరియో వెనకే చెయ్యి పెట్టనివ్వండి. స్టీరింగ్ మధ్య కవర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడంటే తాళాలు లాక్కుని వచ్చేయండి. కలిపిన చోట సోల్డరింగ్ లేదా మంచి క్రింప్ కనెక్టర్ పెట్టమనండి. వైర్లు మెలేసి టేప్ చుట్టే వాళ్లే ఎక్కువ. కిట్ ఉందని మాత్రం ఆఫీసులో చెప్పకండి.

కోలార్_హైవే
మా ఓనర్‌కి ఇప్పటికే చెప్పేశాను సార్, సగం డబ్బులు ఆయనే ఇస్తున్నాడు.

నారాయణ_హెచ్ఎస్ఆర్
అయిపోయారు.

సిల్క్‌బోర్డ్_శాపం
మైక్ ఎక్కడ పెడుతున్నారో ఎవరూ అడగలేదు. నేను ఏసీ వెంట్ పక్కన పెట్టించుకున్నాను. అవతలి వాళ్లకి గాలివాన వినబడుతుందట.

ఓమ్_రమణ
పైన అద్దం పక్కన గానీ, డ్రైవర్ వైపు పిల్లర్ మీద గానీ, నోటి వైపు తిప్పి పెట్టించండి. వెంట్ దగ్గర వద్దు.