పాలిచ్చే తల్లి ఒక గ్లాసు వైన్ తాగవచ్చా? డల్లాస్‌కు కొత్తగా వచ్చిన సోదరి ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఆగస్టులో డల్లాస్‌కు వచ్చాము. పాపకు నాలుగో నెల, పూర్తిగా నా పాలే తాగుతుంది. శనివారం మావారి ఆఫీసు విందులో ఒక గ్లాసు వైన్ తీసుకుంటే పాపకు ప్రమాదమా? తరువాత పాలు పిండి పారబోస్తే చాలని ఒకరు, మూడు రోజులు పాలివ్వకూడదని ఇంకొకరు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లను అడగలేకపోతున్నాను.

జవాబు:

సోదరి గారికి, మీరు మొహమాటం పక్కనపెట్టి అడిగినందుకు సంతోషం. ఇక్కడ ఇద్దరు పిల్లలను పెంచిన తల్లిగా, మా పిల్లల డాక్టరు దగ్గర నేర్చుకున్నది చెబుతాను.

మీకు అందిన రెండు సలహాలూ సరైనవి కావు. ఆల్కహాల్ రక్తంలో ఎంత ఉంటే పాలలోనూ దాదాపు అంతే ఉంటుంది, రక్తంలో తగ్గుతున్నకొద్దీ పాలలోనూ తగ్గిపోతుంది. రక్తంలో ఉన్నంతసేపు కొత్తగా ఊరే పాలలోకీ చేరుతుంది కనుక, పిండి పారబోసినంత మాత్రాన అది త్వరగా పోదు. రొమ్ములు గట్టిపడి సలుపుతుంటే ఉపశమనం కోసం పిండవచ్చు, అంతే. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఫలితం లేదు. గంటలు గడవవలసిందే.

అసలు తాగకపోవడమే అన్నిటికన్నా క్షేమమని ఇక్కడి సీడీసీ (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ) చెబుతుంది. తాగితే రోజుకు ఒక డ్రింకు మించకుండా, ఆపైన కనీసం 2 గంటలు ఆగి పాలిస్తే బిడ్డకు హాని జరుగుతుందని తేలలేదని కూడా చెబుతుంది. పాలలో ఆల్కహాల్ తాగిన 30 నుంచి 60 నిమిషాలకు ఎక్కువగా ఉంటుంది. ఒక డ్రింకు పోవడానికి 2 నుంచి 3 గంటలు, రెండింటికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. ఒక డ్రింకు అంటే 12 శాతం వైన్ అయితే సుమారు 150 మి.లీ., 5 శాతం బీరు అయితే 355 మి.లీ., 40 శాతం విస్కీ అయితే 44 మి.లీ. మాత్రమే. మన రైస్ కుక్కర్‌తో వచ్చే కొలత కప్పు 180 మి.లీ. పడుతుంది, అంటే ఒక డ్రింకు వైన్ ఆ కప్పు నిండా కూడా రాదు. విందుల్లో పోసే పెద్ద గ్లాసును చూసి ఒకటే కదా అనుకోకండి.

బయలుదేరే ముందు పాపకు కడుపునిండా పాలిచ్చి వెళ్లండి. ముందే పిండి ఫ్రిజ్‌లో ఉంచిన పాలు నాలుగు రోజుల వరకు పనికివస్తాయి కనుక, మధ్యలో ఆకలేస్తే అవి పట్టించవచ్చు. భోజనం చేస్తూ నెమ్మదిగా తాగండి.

పాలకన్నా నాకు ఎక్కువ భయం పడక గురించి. బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటు. తల్లి గానీ తండ్రి గానీ తాగిన రాత్రి ఆ పని ఎంతమాత్రం చేయకూడదు, సోఫాలో ఒళ్లో పెట్టుకుని కునుకు తీయడం కూడా ప్రమాదమే. మత్తులో ఒత్తిగిలితే బిడ్డకు ఊపిరాడదు, మనకు మెలకువ రాదు. పాపను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టండి. ఇంట్లో ఒక్కరైనా ఏమీ తాగకుండా ఉండాలి.

పురిటికి వచ్చే అమ్మలు, అత్తలు తెచ్చే దశమూలారిష్టం సంగతి కూడా చెప్పాలి. అది పులియబెట్టి చేసే మందు కనుక అందులో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, ఆ మాట సీసా మీద ఉంటుంది, చూడండి. మా వైపు బాలింతకు చలువ చేయకుండా బ్రాందీ పట్టేవారు. అది మానవలసిన అలవాటే. బీరు తాగితే పాలు పడతాయన్న మాట కూడా నమ్మకండి, ఆల్కహాల్ వల్ల పాలు దిగడం మందగిస్తుంది.

పాప నెలలు నిండకుండా పుట్టి ఉంటే, లేదా మీరు వేరే మందులు వాడుతుంటే, ముందు పిల్లల డాక్టరుకు ఫోన్ చేయండి. ఇక్కడ ఈ ప్రశ్న అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

తిరుగు జవాబు:

అక్కా, ధన్యవాదాలు. కుక్కర్ కప్పుతో నీళ్లు కొలిచి మా వైన్ గ్లాసులో పోశాను. ముప్పావు వంతు కూడా నిండలేదు, నేను గ్లాసు నిండా ఒకటే అనుకున్నాను. ఆ రోజు తాను తాగనని, కారు తనే నడుపుతానని మావారు అన్నారు. తొట్టి ఇంకా పెట్టెలోనే ఉంది, ఈ రాత్రికే బిగిస్తున్నాము.