అప్‌డేట్: వాన్ కోసా ఖాళీగా రావడానికి కారణం ఫార్మలిన్

అడిగింది ఇది: శరీర బరువు కిలోకి 3,00,000 యూనిట్ల విటమిన్ డి3 (అంటే 7.5 మి.గ్రా.; 40,000 యూనిట్లు ఒక మిల్లీగ్రాము) ఇచ్చిన ఎలుకల కిడ్నీలో మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు) స్లైడ్ మీద ఊదా మచ్చలున్నాయి, వాన్ కోసాలో (కాల్షియం లవణం పేరుకున్న చోటును నల్లగా చూపే వెండి రంగు) మాత్రం ఏమీ లేదు, ఎందుకని.

తప్పు సీసాలోనే ఉంది. కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్ పాతదై, ఆమ్లాన్ని అదుపుచేసే బఫర్ లేకపోతే అందులో ఫార్మిక్ యాసిడ్ పుడుతుంది, అది కాల్షియాన్ని మెల్లగా కరిగించేస్తుంది. లవణం పోయినా దాని చుట్టూ ఉన్న పదార్థం హెమటాక్సిలిన్‌ను కొంత పట్టుకునే ఉంటుంది, అందుకే ఆ ఊదా. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పెట్టిన ముక్కల్లో ట్యూబ్యూల్స్ (కిడ్నీలోని సన్న గొట్టాలు) అంచుల వెంట బొగ్గుపొడి చల్లినట్టు నల్లటి గింజలు స్పష్టంగా వచ్చాయి. బృహద్ధమని మధ్యపొరలోనూ అంతే, సన్నని నల్ల గీతలు.

అయితే వాన్ కోసాలో వెండి అంటుకునేది ఫాస్ఫేటుకి, కాల్షియానికి కాదు. పక్క సెక్షన్‌కి పీహెచ్ 4.2 దగ్గర అలిజరిన్ రెడ్ (కాల్షియానికే అంటుకునే ఎర్ర రంగు) వేస్తేనే అది కాల్షియమే అన్న మాట ఖాయం.

ఇంకొకటి: కాల్షియం కొలవడానికి రక్తం ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబులో తీస్తే అది కాల్షియాన్ని బంధించేస్తుంది, రీడింగ్ పనికిరాదు. సీరమ్ గానీ హెపరిన్ గానీ వాడాలి.

డి3 ఇవ్వని కంట్రోల్ గుంపు తప్పనిసరి. ఆడ ఎలుకల్లో డి3 ఇవ్వకపోయినా, ఫాస్ఫరస్ ఎక్కువై కాల్షియం తగ్గిన మేత వల్ల కిడ్నీ బయటి పొర (కార్టెక్స్), లోపలి భాగం (మెడుల్లా) కలిసేచోట ఇలాంటి మచ్చలే వస్తాయి.