సమస్య: పక్కకున్నెట్టిన కరివేపాకె రాజు

పద్యానికి చివరి పాదంగా పెట్టి మీరు పూరించాల్సిన ఈ వారం పాదం తేటగీతి ఛందస్సులో ఉంది. "కూరలో కరివేపాకులా తీసిపారేశారు" అని మనుషుల గురించి కూడా అంటుంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ మొక్క మీద జాలి కలుగుతుంది. దానికి న్యాయం జరిగే పూరణలు రావాలని ఈ పాదం ఇచ్చాను.

పూరణ 1
నేతి వేడికిఁ జిటపట నృత్యమాడి
రోటఁ బొడియయి యన్నాన రుచిగఁ గలిసె
తీసిపారేయు చిన్నోడె తిరిగి యడిగె
పక్కకున్నెట్టిన కరివేపాకె రాజు

– అమ్మా, పోపు చప్పుడు వినిపించింది! నే–నృ యతి (పాదం మొదటి అక్షరానికి లోపల కుదరాల్సిన జోడీ అక్షరం) చక్కగా కుదిరింది. "చిన్నోడె" వ్యావహారికమని ఎవరైనా అన్నా మార్చకండి. ఇంట్లో పిలిచే పిలుపే అక్కడ అందం.

పూరణ 2
వేపచెల్లెలు మజ్జిగ విందులోన
కడుపు బరువునుఁ దగ్గించి కాచు మనల
వాసనకు మించి సుగుణాలు నిండియుండ
పక్కకున్నెట్టిన కరివేపాకె రాజు

– తమ్ముడూ, భావం బాగుంది. అజీర్తికి కరివేపాకు మజ్జిగ మా అమ్మ కూడా ఇచ్చేది. కానీ మూడో పాదంలో వా–ని యతి చెల్లదు. "వాసమయ్యె" అంటే సరిపోతుంది, వాసన పక్కన వినసొంపుగానూ ఉంటుంది. ఇంకొకటి, కరివేప వేపకు చెల్లెలు కాదు. ఆకు పోలికను బట్టి పేరు కలిసిందే గానీ, దీనిది నిమ్మ, వెలగ, మారేడుల కుటుంబం. "వేపపేరిది మజ్జిగ" అనండి, గణం చెడదు.

– మార్చాను మాస్టారూ. నిమ్మచెట్టు మీద గుడ్లు పెట్టే సీతాకోకలు మా కరివేప మీద కూడా ఎందుకు వాలతాయో ఇప్పుడు తెలిసింది!

పూరణ 3
కోనిగను వైద్యుఁ డిచటికిఁ గోరి వచ్చి
కాకినాడలోఁ గనుమూసె, ఘనత నిలిచె;
రాజనెడి యర్థ మాపేర రాజిలంగ
పక్కకున్నెట్టిన కరివేపాకె రాజు

(కరివేప శాస్త్రీయ నామంలోని "కోనిగి" ఈయన పేరే. మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్‌కు శిష్యుడు. 1771లో గురువు ఈ మొక్కకు శిష్యుడి పేరు పెట్టారు. ఈయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయారు. జర్మన్‌లో కోనిగ్ అంటే రాజు.)

– ఈ పాదం ఇచ్చినప్పుడు ఇది నాకు తట్టనే లేదు. మాది ఆ జిల్లానే, చదివి ఒళ్లు పులకరించింది. ఒక్క సవరణ: "ఇచటికి" అంటే నేరుగా కాకినాడకే వచ్చారనిపిస్తుంది. ఆయన మొదట వచ్చింది తమిళనాట తరంగంబాడికి. "వైద్యుఁ డీనేలఁ గోరి వచ్చి" అంటే ఆ చిక్కు ఉండదు.

– అలాగే గురువుగారూ, "ఈనేలఁ" అనే ఉంచుతాను.