మొదటిసారి రోలర్ కోస్టర్ ఎక్కాలి, భయం పోవడం లేదు. ఎక్కేవాళ్ళు కాస్త చెప్పండి

రాజోలు_పాప_అమ్మ

నమస్తే అండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా పాపకు 12 ఏళ్ళు. పరీక్షలు అయ్యాక హైదరాబాద్ వండర్‌లా పార్కుకు తీసుకెళ్తానని మాట ఇచ్చేశాను. మావారికి చెరువు పట్టుబడి రోజులు, ఆయన రాలేరు. నేను, పాప, మా తమ్ముడు వెళ్తున్నాం. చించినాడ వంతెన దాటి పాలకొల్లులో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం.

నేను జీవితంలో జెయింట్ వీల్ తప్ప ఏదీ ఎక్కలేదు. అంతర్వేది తీర్థానికి చిన్నప్పుడు నాన్న తీసుకెళ్ళేవారు. వీల్ పైకి వెళ్ళాక ఆగితే లైట్‌హౌస్ ఎటుందో చూపించేవారు, అది బాగుండేది. కిందికి దిగేటప్పుడు మాత్రం పొట్టలో ఏదో జారిపోయినట్టు అనిపించి, నాన్న చొక్కా పట్టుకుని కళ్ళు మూసేసుకునేదాన్ని.

ఇప్పుడు పాప ఫోన్లో అక్కడి రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ వీడియోలు చూసి, "అమ్మా, నువ్వు నా పక్కనే కూర్చోవాలి" అంటోంది. బ్యాగులు పట్టుకుని కింద నిలబడటం నాకూ ఇష్టం లేదు. నాకు ఆరోగ్య సమస్యలేమీ లేవు, ఉత్త టెన్షనే. ముందు సీటు మంచిదా, వెనక సీటు మంచిదా? భయం తగ్గడానికి ఏం చేయాలి? పాప ఎత్తు 4 అడుగుల 7 అంగుళాలు ఉంటుందనుకుంటున్నా, సరిపోతుందా?

భీమవరం_వైండింగ్

మాది మోటార్లు రివైండింగ్ చేసే షాపండి. చెరువుల ఏరేటర్లు, రైస్ మిల్లు మోటార్లు, రోజూ వాటితోనే పని. పార్కులంటే ప్రాణం. హైదరాబాద్ వండర్‌లా 2016 ఏప్రిల్లో తెరిచారు, ఆ ఏడాది నుంచి ఇప్పటికి 11 సార్లు వెళ్ళాను. బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్నది, కొచ్చిలో ఉన్నది, మద్రాసు వీజీపీ, ఖోపోలీలో ఇమాజికా కూడా చూశాను. అందుకే పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు పాప ఎత్తు సంగతి. పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్ల గీత పెడతారు. 4 అడుగుల 7 అంగుళాలంటే 139.7. అంటే మీ పాప సరిగ్గా గీత మీద ఉంది. ఇవాళే చెప్పులు విప్పించి, గోడకు ఆనించి, తల మీద అట్ట పెట్టి కొలవండి. ఒకసారి మా మేనకోడలు గంటసేపు క్యూలో నిలబడి, చివర్లో కొలబద్ద కింద అర అంగుళం తక్కువైంది. ఆ పిల్ల ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తే. అక్కడి కుర్రాడు చేసింది తప్పు కాదు, సీట్లో మనల్ని పట్టి ఉంచే కడ్డీ అంతకంటే పొట్టివాళ్ళకు సరిగ్గా పట్టదు. కొలవకుండా తీసుకెళ్ళింది నేను, తప్పు నాది. తక్కువ వస్తే ఇంటి దగ్గరే చెప్పేయండి, గేటు దగ్గర తెలిస్తే పిల్లలు తట్టుకోలేరు.

ఇక మీ భయం. మీరు రాసినదాంట్లోనే జవాబుంది. పైన ఆగినప్పుడు లైట్‌హౌస్ హాయిగా చూశారు, దిగేటప్పుడు కళ్ళు మూసుకున్నారు. ఎత్తంటే మీకు భయం లేదండి. తర్వాత ఏమవుతుందో తెలియకపోతేనే మీకు టెన్షన్. నాకూ అదే ఉండేది. మొదటిసారి బిడది వెళ్ళినప్పుడు క్యూలోంచి బయటికి వచ్చేశాను. వచ్చి కింద కంచె దగ్గర ముప్పావు గంట నిలబడ్డాను. షాపులో మోటారు వస్తే ముందు విప్పం, స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి వింటాం. బేరింగు పోయిందా, ఇంకేదైనానా అని శబ్దమే చెప్పేస్తుంది. అక్కడా అలాగే విన్నాను. రైలు పైకి వెళ్ళేటప్పుడు ఒక శబ్దం, వదిలినప్పుడు ఒకటి, బ్రేకులు పట్టినప్పుడు ఇంకోటి. ఐదారు రైళ్ళు పోయేసరికి, కళ్ళు మూసుకుని కూడా రైలు ఎక్కడుందో చెప్పగలిగాను. అప్పుడు మళ్ళీ వెళ్ళి క్యూలో నిలబడ్డాను.

గొలుసుతో పైకి లాగే కోస్టర్లలో వినపడే టకటక చూసి చాలామంది భయపడతారు. నిజానికి అది ధైర్యం చెప్పే చప్పుడు. కారులో హ్యాండ్‌బ్రేకు లాగితే కర్ర్‌మంటుంది కదా, పన్ను ఒక్కో గాడిలో పడుతూ వెనక్కి జారకుండా పట్టేస్తుంది. ఇక్కడా అంతే. గొలుసు తెగినా రైలు వెనక్కి జారదు.

పట్టాల మీంచి ఎగిరిపోతామేమో అన్నది ఇంకో భయం. చక్రాలు మూడు జట్లుంటాయి. ఒకటి పట్టా మీద నడుస్తుంది, ఒకటి పక్క నుంచి ఒరుసుకుంటుంది, మూడోది పట్టా కింద నుంచి పట్టుకుంటుంది. కింది చక్రాల పద్ధతికి అమెరికాలో జాన్ మిల్లర్ అనే ఇంజనీరు 1919లో పేటెంటు తీసుకున్నాడు. వందేళ్ళు దాటింది, ఇప్పటికీ అదే పద్ధతి.

తలకిందులయ్యే చుట్టు గుండ్రంగా ఉండదు, నీటిబొట్టులా పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది, గమనించండి. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి కట్టారు, దానిది అచ్చంగా గుండ్రటి చుట్టు. చుట్టులోకి వెళ్ళగానే ఒంటిమీద బరువు ఒక్కసారిగా పడి మెడలు పట్టేసేవి. అందుకే ఇప్పుడు బొట్టు ఆకారంలో కడతారు, బరువు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అయస్కాంతపు బ్రేకులు. పాత కరెంటు మీటర్లో అల్యూమినియం రేకు తిరిగేది గుర్తుందా? దాని అంచు దగ్గర ఒక అయస్కాంతం ఉంటుంది, రేకు అదుపు తప్పి తిరగకుండా ఆపేది అదే. చాలా కొత్త రైడ్లలో రైలు వేగాన్ని తగ్గించేది కూడా అదే సూత్రం. రేకు అయస్కాంతాల మధ్యకు దూరగానే దానిలో కరెంటు పుట్టి దాన్నే వెనక్కి లాగుతుంది. బయటి నుంచి కరెంటు అక్కర్లేదు, ఊరంతా కరెంటు పోయినా ఆ బ్రేకు పనిచేస్తుంది. ఇంత చక్కటి సంగతి తెలిశాక నాకు భయం స్థానంలో ప్రేమ వచ్చింది.

ఇప్పుడు రీకాయిల్. మిగతావాటిలా ముందుకు వెళ్ళి ఎక్కదు. ముందు మిమ్మల్ని వెనక్కి లాగుతూ ఏటవాలు మీదికి తీసుకెళ్తుంది. ముఖం కిందికి ఉంటుంది, స్టేషను కాళ్ళ కింద చిన్నదైపోతుంది. పైన ఒక్క క్షణం ఆగి వదులుతుంది. స్టేషన్లోంచి దూసుకెళ్ళి, తలకిందులుగా తిరిగి, అవతలి ఏటవాలు ఎక్కుతుంది. అక్కడ వీపు మీద పడుకున్నట్టు ఉంటుంది, ఆకాశం తప్ప ఏమీ కనపడదు. మళ్ళీ వదులుతుంది, అదే దారి, ఈసారి వెనక్కి. మొత్తం అంతే. ఈ వరస నోటికి వచ్చేలా అనుకోండి. వెనక్కి లాగడం, ఆగడం, వదలడం, తిరగడం, పైకెక్కడం, వదలడం, వెనక్కి తిరగడం. పాపతో కలిసి కింద నిలబడి నాలుగు రైళ్ళు చూడండి. ఒక్కోటి ఎప్పుడొస్తుందో ఇద్దరూ ముందే చెప్పుకోండి.

సీటు మధ్య వరసలో తీసుకోండి. మామూలు కోస్టర్లలో వెనక వరసకే లాగుడు ఎక్కువ. ముందు పెట్టెలు కొండ దాటి దిగుతూ వెనకవాళ్ళను అంచు మీంచి ఈడ్చేస్తాయి, సీట్లోంచి లేచినట్టుంటుంది. నాకు అదే ఇష్టం, మీకు మొదటిసారి వద్దు. ముందు వరసలో ఎదురుగా అడ్డేమీ ఉండదు. ఇమాజికాలో నైట్రో అనే కోస్టర్ ముందు వరసలో కూర్చున్నాను. దానికి కాళ్ళ కింద నేల ఉండదు, చెప్పులు విప్పించేస్తారు. అంత బాగున్న రైడ్ మన దేశంలో నేను ఇంకోటి చూడలేదు.

తల వెనక దిండుకు గట్టిగా ఆనించి ఉంచండి, లేకపోతే భుజాల మీంచి వచ్చే కడ్డీకి చెవులు తగులుతాయి. జూకాలు తీసేయండి. మంగళసూత్రాలు లోపలికి వేసుకోండి, జడ ముడి పెట్టండి. కళ్ళు మాత్రం మూయకండి. కళ్ళు మూస్తేనే పొట్టలో తిప్పుతుంది, చూపుకీ ఒంటికీ పొంతన కుదరదు. అరవాలనిపిస్తే అరవండి, ఊపిరి బిగపట్టకండి.

పొద్దున తెరవగానే నేరుగా పెద్ద రైడ్లకు వెళ్ళండి, నీళ్ళ వైపు మధ్యాహ్నం. ఆదివారం, రెండో శనివారం వద్దు. ఊళ్ళో పూర్ణాలు, పులిహోర కట్టించుకుని రైల్లో తినేసి పైకి ఎక్కితే ఎవరికైనా తిప్పుతుంది, రెండు ఇడ్లీలు చాలు. గుండె జబ్బు, బీపీ, మెడనొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కకూడదు. మీ తమ్ముడికి ఏమైనా ఉంటే ముందే అడగండి.

తణుకు_ముగ్గురు_పిల్లలు

పై అన్న అంతా చెప్పేశారు, బట్టల సంగతి వదిలేశారు. నీళ్ళలోకి కాటన్ చుడీదార్‌తో వెళ్ళనివ్వరు, నైలాన్ బట్టలే వేసుకోవాలి. మోకాళ్ళ దాకా వచ్చే లెగ్గింగు, పొడుగు చేతుల టాప్ ఉన్న సెట్లు దొరుకుతాయి, ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి. నాకు అక్కడ మార్చుకునేటప్పుడు మొహమాటం వేసింది, తీరా చూస్తే అందరూ అవే. సంచి లాకరులో పెట్టేశాక ఫోను గురించి ఆలోచించకండి, ఆ పూట పిల్లలకే.

మండపేట_తీర్థం

అమ్మా, నేను పార్కుకు వెళ్ళలేదు. మా బావగారు తీర్థాల్లో జెయింట్ వీల్ నిలబెట్టేవారు, ఆయన దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. మనవలకు టిక్కెట్లకు అన్ని వేలు పోయడం కంటే జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఒక సాయంత్రం చాలదా? కనుమనాడు అగ్రహారం ప్రభ కౌశిక కాలువ దాటి వస్తుంటే చూసి, వీల్ ఎక్కి, జీళ్ళు కొనుక్కుని ఇంటికెళ్తే ఆ పిల్లలకు అది జన్మంతా గుర్తుంటుంది.

భీమవరం_వైండింగ్

పెద్దాయనా, రెండూ కావాలండి. నాకు ఈ పిచ్చి పట్టింది కూడా తీర్థంలోనే, మావుళ్ళమ్మ ఉత్సవాల్లో నాన్న భుజం మీద కూర్చుని వీల్ లైట్లు చూసినప్పుడు. 1893లో చికాగోలో ఫెర్రిస్ అనే ఆయన నిలబెట్టిన మొదటి పెద్ద వీల్ ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు. మన తీర్థంలోది దానికి మునిమనవరాలే.

కానీ ఒక మాట చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక తీర్థంలో, ముందు రోజు వాన పడింది. వరి కోసిన చేలో వీల్ నిలబెట్టారు. మా మేనల్లుడితో పైకి వెళ్ళాను, నాలుగో చుట్టులో పక్కకు ఊగడం తెలిసింది. దిమ్మల కింద మన్ను దిగిపోయింది. ఒక్కో తొట్టినీ మెల్లగా కిందికి తెచ్చి దించడానికి 40 నిమిషాలు పట్టింది. మేము ఆఖరున దిగాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. అప్పటినుంచి తీర్థంలో ఎక్కే ముందు కాళ్ళ కింద దిమ్మలు చూస్తాను, కొయ్య అడుగు మట్టిలోకి దిగి ఉంటే పిల్లల్ని ఎక్కించను. చీలలకు పిన్నులు ఉన్నాయా, పొద్దున ఖాళీగా తిప్పి చూశారా అని అడుగుతాను. మీరు ఆ పని చేశారు కాబట్టి ఇంకా బాగా చెప్పగలరు.

మండపేట_తీర్థం

నిజమే బాబూ. మన నేల మెత్తన, వాన పడితే ఒక రోజు ఆగాలి. బావగారు ఆగేవారు, తిట్లు తినేవారు. ఇంకోటి చూసుకోండి. జనాన్ని ఎక్కించేటప్పుడు ఒక తొట్టి నింపి, దానికి ఎదురు తొట్టి నింపాలి. వరసగా నింపుకుంటూ పోతే ఒక పక్కే బరువై మోటారు మొరాయిస్తుంది, వదిలినప్పుడు ఈడ్చుకుపోతుంది. అలా వరసగా నింపేవాడి వీల్ ఎక్కకండి.

రాజోలు_పాప_అమ్మ

అందరికీ నమస్కారం అండి. నిన్న పొద్దున తిరిగి వచ్చాం. పాప ఎత్తు గోడ దగ్గర 140.5 వచ్చింది. గేటు దగ్గర కొలబద్ద కింద నిలబడినప్పుడు నా గుండె కొట్టుకుంది, దాటింది.

కింద నిలబడి నాలుగు కాదు, తొమ్మిది రైళ్ళు చూశాం. పాప వేళ్ళు మడిచి లెక్కపెడుతూ "ఇప్పుడు వదులుతుంది" అంటుంటే, ఆరోదాని నుంచి నేనూ ముందే చెప్పగలిగాను. ఎక్కాక వెనక్కి లాగుతున్నప్పుడు మాత్రం చేతులు వణికాయి. స్టేషను మీద పెట్టిన రేకులు, క్యూలో మా తమ్ముడి ఎర్ర చొక్కా, అన్నీ కళ్ళు తెరిచి చూశాను. పైన ఆగింది. పాప "అమ్మా, ఇప్పుడే" అంది. తిరగడం ఎలా జరిగిందో చెప్పలేను, అంత వేగం. అవతలి పైన ఆకాశం వైపు పడుకున్నప్పుడు మాత్రం ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం అయింది. ఒక గద్ద తిరుగుతోంది. నాన్న ఉంటే చూపించేవారు అనుకున్నాను. అప్పుడే వెనక్కి వదిలింది.

రెండోసారి కూడా ఎక్కాం. తమ్ముడు ఎక్కలేదు, వాడికి మెడనొప్పి ఉందని అక్కడ చెప్పాడు.

భీమవరం_వైండింగ్

చాలా సంతోషం అండి, చదువుతుంటే నేనే ఎక్కినట్టుంది. రెండోసారి ఏ వరసలో కూర్చున్నారు?

రాజోలు_పాప_అమ్మ

ఆఖరి వరసలో అండి. పాప అడిగింది.