బెంజోయిక్ ఆమ్లం సగం కూడా రావట్లేదు, ఎక్కడ పోతోంది?

అమలాపురం బీఎస్సీ ల్యాబ్:
బెంజోయిక్ ఆమ్లం 2 గ్రా., నాఫ్తలీన్ 2 గ్రా. కలిపి, మళ్లీ విడదీద్దామని 40 మి.లీ. ఇథైల్ ఎసిటేట్‌లో కరిగించాం. ఆమ్లం లవణంగా మారి నీళ్లలోకి రావాలని 5 శాతం సోడియం బైకార్బొనేట్ 15 మి.లీ. పోసి సెపరేటింగ్ ఫన్నెల్‌లో (పొరలు విడదీసే, అడుగున కాక్ ఉన్న గరాటు) ఒకసారి బాగా ఊపాం. మధ్యలో పాలమీగడలా ఒక పొర, అరగంటైనా విడలేదు. కింది నీళ్ల పొర తీసి హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ ఆమ్లం) పోస్తే వచ్చిన ఆమ్లం ఆరాక 0.85 గ్రా., కరిగింది 110–114 డిగ్రీల దగ్గర. నాఫ్తలీన్ మాత్రం 2.8 గ్రా. తూగింది! ద్రావణాలకు బోరు నీళ్లు వాడాం. బైకార్బొనేట్ బదులు సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే నయమా అండి?

కాకినాడ కెమిస్ట్రీ:
పెట్టిన నాఫ్తలీన్ 2 గ్రా. అయితే 2.8 ఎలా తూగుతుందండి? మీ ఆమ్లం అందులోనే ఉంది. లెక్క చూడండి. 2 గ్రా. బెంజోయిక్ ఆమ్లం అంటే 16.4 మిల్లీమోల్ (మోల్ అంటే అణువుల లెక్కకు కొలత). 15 మి.లీ. 5 శాతం ద్రావణంలో బైకార్బొనేట్ 0.75 గ్రా., అంటే 8.9 మిల్లీమోల్. ఒక మోల్ ఆమ్లానికి ఒక మోల్ బైకార్బొనేట్ కావాలి కాబట్టి ఎంత ఊపినా 1.09 గ్రా. మించి రాదు. 20 మి.లీ. చొప్పున మూడుసార్లు తీయండి, మొత్తం 35.7 మిల్లీమోల్ అవుతుంది.

స్టాపర్ పెట్టకముందే గ్లాస్‌ రాడ్‌తో కలిపి బుడగలు తగ్గనివ్వండి. 16 మిల్లీమోల్ అంటే దాదాపు 400 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. తర్వాత ఫన్నెల్‌ను తలకిందులు చేసి, కాడ మనిషి వైపు లేకుండా చూసి, రెండు ఊపులకోసారి కాక్ తెరవండి. ఏ పొర నీళ్లదో అనుమానమొస్తే ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, కలిసిపోయిన పొర నీళ్లది. ఆమ్లం చేతికొచ్చేదాకా ఏ పొరనూ పారబోయకండి.

రాజోలు రసాయనం:
హైడ్రాక్సైడ్ వద్దండి. ఇథైల్ ఎసిటేట్‌నే విడగొట్టి సోడియం ఎసిటేట్, ఇథనాల్ చేస్తుంది. ఫినాల్ ఉన్న మిశ్రమమైతే అదీ నీళ్లలోకి వచ్చేస్తుంది. బెంజోయిక్ ఆమ్లం పీకేఏ (ఆమ్ల బలానికి కొలత, తక్కువైతే బలం ఎక్కువ) 4.2 కాబట్టి బైకార్బొనేట్ చాలు. ఇథైల్ ఎసిటేట్ బదులు ఈథర్ మాటెత్తకండి. అది మరిగేదే 34.6 డిగ్రీల దగ్గర, మన కోనసీమ ఏప్రిల్‌లో ఫన్నెల్‌లోనే ఉడుకుతుంది.

మీగడ పొరకు కారణం గట్టిగా ఊపడమే. బోరు నీళ్లు కూడా దోషులే. వాటిలోని కాల్షియం, మీరు పోసే బైకార్బొనేట్‌తో కలిసి సన్నటి మడ్డిగా దిగి, రెండు పొరల మధ్య చేరి కూర్చుంటుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి. అప్పటికే పడితే సంతృప్త ఉప్పు ద్రావణం 5 మి.లీ. పోసి, ఫన్నెల్ మెల్లిగా తిప్పి, పది నిమిషాలు వదిలేయండి.

కాకినాడ కెమిస్ట్రీ:
ఇంకో రెండు చోట్ల పోతుంది. ఇథైల్ ఎసిటేట్ 100 మి.లీ. నీళ్లలో 8 గ్రా. దాకా కరుగుతుంది, అది ఆమ్లాన్ని పట్టుకుని స్ఫటికం కాకుండా చేస్తుంది. అందుకే నీళ్ల పొరను ఒకసారి 10 మి.లీ. కొత్త ఇథైల్ ఎసిటేట్‌తో కడిగాక (నాఫ్తలీన్ ఆనవాళ్లు పోవాలిగా), ఫ్యూమ్ హుడ్‌లో వాటర్‌బాత్ మీద 55–60 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి, వాసన తగ్గేదాకా ఉంచండి. చుట్టుపక్కల మంట ఉండకూడదు.

చల్లారాక 250 మి.లీ. బీకర్‌లోకి మార్చండి, చిన్నదైతే నురుగు పొర్లుతుంది. గాఢ హెచ్‌సీఎల్ బొట్టుబొట్టుగా, పీహెచ్ 2 వచ్చేదాకా. 3–4 మి.లీ. పడుతుంది. నీలి లిట్మస్ ఎర్రబడిందని ఆగిపోకండి, ఆ పీహెచ్‌లో ఇంకా చాలా ఆమ్లం లవణంగానే ఉంటుంది. తర్వాత ఐసులో పదిహేను నిమిషాలు. లీటరు నీటిలో 25 డిగ్రీల దగ్గర 3.4 గ్రా. కరిగితే, సున్నా దగ్గర 1.7 మాత్రమే. రొయ్యల లారీల ఐసైనా ఫరవాలేదు, బీకరు బయట పెట్టేదేగా. కడగడానికి మాత్రం చల్లటి డిస్టిల్డ్ వాటర్, 5 మి.లీ. చొప్పున రెండుసార్లు.

అమలాపురం బీఎస్సీ ల్యాబ్:
ఆయ్, 15 మి.లీ. లెక్క అస్సలు చూసుకోలేదండి. మరి 110 దగ్గరే కరగడం తడి వల్లా, నాఫ్తలీన్ వల్లా?

రాజోలు రసాయనం:
కలరా ఉండల వాసన వస్తే నాఫ్తలీన్, లేకపోతే తడే. మన గాలిలో వాచ్‌గ్లాస్ మీద రాత్రంతా పెట్టినా సరిగ్గా ఆరదు. ఫిల్టర్ పేపర్ల మధ్య గట్టిగా ఒత్తి, డెసికేటర్‌లో (తడి చేరని మూత పాత్ర) తడి పీల్చే సిలికాజెల్ మీద ఉంచండి. 110 డిగ్రీల ఓవెన్‌లో మాత్రం వద్దు, బెంజోయిక్ ఆమ్లం ఆవిరై పోతుంది. ఆరాక 121–122 దగ్గర ఒక్కసారిగా కరగాలి.