పాత ఇంటి సెల్లార్‌ను గదిగా మార్చేటప్పుడు ముందు లోపలి పనా, బయటి నీటి పనా?

చర్చ మొదలుపెట్టినవారు:

మా ఇల్లు కట్టి దాదాపు 90 ఏళ్లయింది. కింద ఉన్న సెల్లార్ ఇన్నాళ్లూ పాత సామాను పడేసే చోటుగానే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని చదువుకునే గదిగా మార్చాలని అనుకుంటున్నాం. గోడలు ఇటుకతో, సున్నపు గారతో కట్టినవి. ఉత్తరపు గోడకు మోకాలెత్తు వరకు తెల్లటి ఉప్పు తేలుతోంది. చేత్తో రుద్దితే పిండిలా రాలుతుంది, తుడిచిన నెల తిరక్కుండానే మళ్లీ వస్తుంది. నీరు కారడం మాత్రం ఎన్నడూ చూడలేదు. పని ఒప్పుకుంటామన్న ఒకరు లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పూత వేసి, దాని మీద జిప్సమ్ బోర్డు బిగిస్తే చాలంటున్నారు. ఇంకొకరు ముందు బయటి నీటి సంగతి చూసి, ఒక వానాకాలం గడిచాకే లోపల చేయి పెట్టాలంటున్నారు. ఏది సబబో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:

రెండోవారి మాటే సరైనదని నా గట్టి అభిప్రాయం. మీరు చూస్తున్న ఆ తెల్లటి పొడి, గోడ గుండా నీరు వస్తోందనడానికి సాక్ష్యం. మట్టిలోని చెమ్మ ఇటుకలోకి ఎక్కి, లోపలి ముఖం మీద ఆవిరైపోతూ, తనతో తెచ్చిన లవణాలను అక్కడే వదిలిపెడుతోంది. ఆ ముఖాన్ని పూతతో మూసేస్తే చెమ్మ ఆగదు, ఆవిరయ్యే చోటు మాత్రం మారుతుంది. లవణాలు పూత వెనక, ఇటుక రంధ్రాల్లోనే గడ్డకట్టి ఇటుకను పెచ్చులుగా ఊడదీస్తాయి. మా ఇంట్లో ఇదే జరిగింది. పూత వేసిన రెండో ఏడు గోడ మీద అరచేయంత బొబ్బలు లేచాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల ఇటుక తడి ఇసుకలా వేళ్లకు అంటింది. గోడ గట్టిదనం పోయాక ఏ పూతా దాన్ని తిరిగి తేలేదు.

సాధారణంగా నీటి మూలం మన నెత్తి మీదే ఉంటుంది. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. అంటే 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే 2,500 లీటర్లు. ఆ నీటిని దించే గొట్టం గోడ మొదట్లోనే ముగిస్తే, ఆ నీరంతా పునాదిని ఆనుకున్న మట్టిలోకే ఇంకుతుంది. గొట్టాన్ని దూరానికి పొడిగించడం, ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు కిందికి వాలేలా మట్టి పోయించడం, ఈ రెండూ పెద్ద పనులు కావు. అవి చేసి, ఒక వానాకాలం గోడను తెరిచే ఉంచి గమనించండి.

రెండో సమాధానం:

పూత విషయంలో పై వారితో ఏకీభవిస్తాను, కానీ బయటి పనే అన్నిటికీ మందు అన్నట్లు చెప్పడం సరికాదు. భూగర్భ జలమే పైకి వచ్చే చోట గొట్టాలు ఎంత దూరం జరిపినా ఫలితం ఉండదు. గోడ వెనక 1 మీటరు ఎత్తున నీరు నిలిస్తే దాని అడుగున చదరపు మీటరుకు దాదాపు 1 టన్ను ఒత్తిడి పడుతుంది. అలాగని బయటి నుంచి పునాది దాకా తవ్వి వాటర్‌ప్రూఫ్ చేద్దామంటే, పాత ఇళ్లలో చాలావాటికి గోడ కింద వెడల్పాటి పునాది ఉండదు. గోడ పొడవునా ఒకేసారి కందకం తీయడం ప్రమాదకరం. అటువంటి ఇళ్లలో గచ్చు అంచును కోసి, కంకర మధ్య చిల్లుల గొట్టం పరిచి, నీటిని ఒక గుంటలోకి మళ్లించి మోటారుతో బయటికి తోడటమే ఆచరణ సాధ్యమైన మార్గం. పెద్ద వాన కురిసే వేళే కరెంటు పోతుంది కనుక ఆ మోటారుకు బ్యాటరీ తప్పనిసరి. ఇది అమరిస్తే ఏడాది ఆగనక్కర్లేదు.

మూడో సమాధానం:

ఆ చెమ్మ నేల నుంచి వస్తోందా, గాలి నుంచి వస్తోందా అన్నది తేలకుండా ఇద్దరూ పరిష్కారం దాకా వెళ్లారు. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును గోడకూ గచ్చుకూ అంటించి, నాలుగు అంచులూ టేపుతో బిగించి రెండు రోజులు వదిలేయండి. షీటు వెనక తడి కనిపిస్తే అది గోడలోంచి వచ్చినది. గది వైపు కనిపిస్తే అది గాలిలోని తేమ చల్లని గోడకు తగిలి నీరైనది. రెండోదే అయితే, ఉక్కపోత రోజుల్లో గాలి ఆడాలని కిటికీలు తెరిస్తే చెమ్మ ఇంకా పెరుగుతుంది.

గచ్చు కోయాలని నిర్ణయిస్తే ఒక జాగ్రత్త ఉంది. నేల లోపలి నుంచి వచ్చే, ఊపిరితిత్తులకు హాని చేసే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు ఆ గుంట తెరిచిన తలుపు లాంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లకు ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరెల్‌ల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) స్థాయిని సూచించింది. ముందుగా కొలిపించి, గుంటకు గాలి చొరని మూత పెట్టించండి.

చర్చ మొదలుపెట్టినవారు:

షీట్లు అంటించి చూశాం. గచ్చు మధ్యలోది రెండు వైపులా పొడిగానే ఉంది. ఉత్తరపు గోడ షీటు వెనక మాత్రం ఆవగింజలంత చుక్కలు వరుసగా పట్టాయి. బయటికి వెళ్లి చూస్తే చూరు నీటి గొట్టం సరిగ్గా ఆ గోడకు జానెడు దూరంలో నేలలోకి దిగి ఉంది. దాన్ని పొడిగించి, ఉప్పు తేలిన పై అంచున పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. ఉప్పు ఆ గీత దాటకపోతే బోర్డులు బిగించవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

భూగర్భ జలం గురించి రెండోవారు చెప్పినదాన్ని ఒప్పుకుంటాను. మీ గచ్చు పొడిగా ఉంది కనుక కోయాల్సిన అవసరం ఇప్పటికి కనిపించడం లేదు. అయితే కొలతకు ఉప్పును నమ్మకండి. నీరు ఆగిపోయిన తర్వాత కూడా గోడ ఆరుతున్నంత కాలం ఉప్పు తేలుతూనే ఉంటుంది. ప్రతి నెలా అదే చోట షీటు అంటించి, వెనక చుక్కలు పడుతున్నాయా లేదా అని రాసుకోండి. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులిపి, రాలిన పొడిని ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది.