యాంపు పోయింది: బాగు చేయించాలా, వాల్వుకి మారిపోవాలా?

పర్లాకిమిడి శ్రోత:
పన్నెండేళ్లుగా మా ఇంట్లో మోగుతున్న రిసీవరు, అంటే స్పీకర్లని మోగించే యాంపు, పోయింది. మొన్న గాలివానకి కరెంటు పోయి తిరిగి వచ్చాక, స్విచ్ వేస్తే రెండు సెకన్లు వెలిగి ‘ప్రొటెక్ట్’ అని చూపించి ఆగిపోతోంది. సర్వీసు సెంటరువాళ్లు మూత కూడా విప్పలేదు. ఆ బోర్డు ఇప్పుడు రావడం లేదు, కొత్తది కొనుక్కోండి అన్నారు. 2018లో తిత్లీ తుపాను తర్వాత మా అన్నయ్య ఇంట్లో హోమ్ థియేటరూ ఇలాగే పోయింది. అటక మీదున్న తాతగారి వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో పనిచేసేది) మాత్రం పోయినేడు దించి పెడితే మోగింది. అందుకే ఇక ఈ బోర్డుల జోలికి పోకుండా వాల్వు యాంపు కొందామనుకుంటున్నాను. చూసింది ఈఎల్84 ట్యూబులది, చానెల్‌కి 12 వాట్లు. నా స్పీకర్లు చిన్నవి, సెన్సిటివిటీ 86 డెసిబెల్స్. వినేది కచేరీలు, పాత సినిమా పాటలు. మీరేమంటారు?

బరంపురం పెద్దబజారు:
తమ్ముడూ, కొనెయ్యి. తొమ్మిదేళ్లుగా నేను వాల్వు మీదే వింటున్నాను. ఇన్నేళ్లలో ఒకసారి పవర్ ట్యూబులు మార్చాను, ఒకసారి రెసిస్టరు కాలింది. రెండు పనులూ ఇంట్లోనే అయిపోయాయి. మూత విప్పితే ప్రతి పార్టూ కంటికి కనిపిస్తుంది, వైరు పట్టుకుని ఏది ఎక్కడికి పోతుందో చూసుకోవచ్చు. ఈఎల్84 వచ్చింది 1950లలో. ఈనాటికీ స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో తయారవుతూనే ఉంది. నీ రిసీవరు బోర్డు పన్నెండేళ్లకే దొరకకుండా పోయింది. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఇక సౌండు. వాల్వు తనవైపు నుంచి కలిపేదాంట్లో రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెండింతల స్వరం, ఎక్కువ. షడ్జమం పలికితే అది పై షడ్జమం. స్వరానికి పరాయిది కాదు. అందుకే వయొలిన్ చెవిలో గుచ్చుకోదు.

రాయగడ నుంచి:
అన్నయ్యగారూ, మరమ్మతు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. హార్మోనిక్ మాట మాత్రం ఈ యాంపుకి వర్తించదు. ఒక్క ఈఎల్84 ఇచ్చేది 5 వాట్లు. 12 వాట్లంటే జత ట్యూబుల పుష్‌పుల్, అంటే ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగే పద్ధతి. అందులో రెండో హార్మోనిక్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో చాలావరకు రద్దయిపోతుంది. మిగిలే మూడోది పై స్థాయి పంచమం. మెత్తగా వినిపించడానికి ఇంకో కారణం ఉంది. వాల్వు యాంపుకి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకి పడే అడ్డు) ఎక్కువ, స్పీకరు ఇంపెడెన్స్ ఏమో స్వరాన్నిబట్టి మారుతుంటుంది. ఆ రెండూ కలిసి సౌండుని మార్చేస్తాయి. మీ స్పీకర్లతో హాయిగా ఉన్నది ఆయన స్పీకర్లతో బాస్ ఉబ్బిపోయి వినిపించొచ్చు.

లెక్క కూడా చూడండి. 86 డెసిబెల్స్ అంటే 1 వాటుకి మీటరు దూరంలో వచ్చే సౌండు. 10 వాట్లకి 96, 100 వాట్లకి 106. గాత్రానికి 12 వాట్లు చాలు. తని ఆవర్తనంలో మృదంగం దెబ్బకి చాలదు.

నాకు అసలు బాధ కలిగించేది ఒకటుంది. యాంపుని చంపింది కరెంటు. వాల్వు హీటరుకి, అంటే ట్యూబు లోపల వేడెక్కే తీగకి, కావాల్సింది 6.3 వోల్టులు. లైను 10 శాతం ఎగిరితే అదీ 10 శాతం ఎగురుతుంది, ట్యూబు ఆయుష్షు కరిగిపోతుంది. స్టెబిలైజరు లేకుండా ఏది కొన్నా మూడోసారి కూడా ఇదే జరుగుతుంది.

జయపురం మెకానిక్:
పెళ్లిళ్లకి, యాత్రలకి వెళ్లే మైకు సెట్లు ముప్పై ఏళ్లుగా బాగు చేస్తున్నాను. బాబూ, ‘ప్రొటెక్ట్’ అని ఆగిందంటే అది నీ స్పీకర్లని కాపాడింది. స్పీకరు వైర్లన్నీ తీసేసి ఆన్ చెయ్యి. అప్పుడు నిలబడితే తప్పు వైర్లలోనో స్పీకర్లలోనో ఉంది. అప్పుడూ ఆగిపోతే ఎక్కువగా అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు షార్ట్ అయి ఉంటుంది. దానికి బోర్డు మార్చక్కర్లేదు. ట్రాన్సిస్టర్లు మాత్రం ఒరిజినల్ వెయ్యాలి. 5200, 1943 నంబర్లతో నకిలీలు బజారు నిండా ఉన్నాయి, నెలకే పోతాయి.

వైర్లు తీసి ఆన్ చెయ్యడం రిసీవరుకే. వాల్వు యాంపుని స్పీకరు లేకుండా మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోవచ్చు. తాతగారి రేడియో మళ్లీ పెట్టకు. పాత కాగితం కండెన్సర్లు లీకవుతాయి, ముందు వాటిని మార్చాలి. స్విచ్ తీసేసినా లోపల మూడు వందల వోల్టుల దాకా నిలవుంటుంది. తెలియకుండా చెయ్యి పెట్టొద్దు.

బరంపురం పెద్దబజారు:
పుష్‌పుల్ సంగతి రాయగడ తమ్ముడు సరిగ్గానే చెప్పాడు. నాది కూడా పుష్‌పుల్లే, విన్నది విన్నట్టు రాశానుగానీ కారణం తప్పు చెప్పాను. వేడి సంగతి కూడా దాచను. పాట చిన్నగా పెట్టినా పెద్దగా పెట్టినా ఒకేలా కరెంటు తాగుతుంది, వైశాఖంలో రాత్రి తొమ్మిది దాటాకే వింటాను. అయినా నా మాట మీదే ఉన్నాను. మూత కూడా విప్పకుండా కొత్తది కొనుక్కోమన్నారే, ఆ మాట వాల్వు వాడేవాడు వినక్కర్లేదు. తమ్ముడూ, నీ స్పీకర్లు పట్టుకుని మా ఇంటికి రా. తని ఆవర్తనమే పెట్టి విందాం.

పర్లాకిమిడి శ్రోత:
వైర్లు తీసి చూశాను, అయినా ఆగిపోయింది. మా ఊరి మెకానిక్ మీటరు పెడితే ఎడమ చానెల్ ట్రాన్సిస్టరు షార్ట్ అని తేలింది. ఒరిజినల్ జత తెప్పిస్తున్నాడు. స్టెబిలైజరు నిన్ననే కొన్నాను. వాల్వు ఆశ మాత్రం పోలేదు అన్నయ్యా. ఆదివారం స్పీకర్లు తీసుకుని బరంపురం వస్తున్నాను.